అక్టోబరు అప్పగింతలు

ఆస్ట్రేలియా పేరు వినగానే మనవారికి ముందుగా గుర్తుకు వచ్చేది క్రికెట్టు. కాని ఆ దేశపు దక్షిణ భాగాన, ముఖ్యంగా మెల్‌బోర్న్ నగరంలో, ప్రజల మనస్సులను ఏలేది మరొక ఆట. అక్కడివారు దానిని ముద్దుగా 'ఫుటీ' అంటారు. మనకు తెలిసిన ఫుట్‌బాల్‌తో దీనికి పేరులోనే గాని తీరులో పోలిక లేదు. కోలగా ఉండే బంతి. క్రికెట్టు మైదానమంత విశాలమైన, కోడిగ్రుడ్డు ఆకారపు ఆటస్థలం. జట్టుకు 18 మంది. రెండు కొసలా నాలుగేసి స్తంభాలు. నడిమి రెండు స్తంభాల మధ్యనుంచి బంతిని కాలితో తన్ని పంపితే 6 పాయింట్లు, ప్రక్క స్తంభాల మధ్యనుంచి పోతే ఒకటి. బంతిని చేతితో విసరరాదు. ఒక అరచేతిలో నిలిపి, రెండవ చేతి పిడికిలితో గుద్ది తోటివానికి అందించవచ్చు. ఈ చివరి నిబంధనను పాఠకులు గుర్తుంచుకోవాలి. నేను చెప్పబోయే దానిలో సగం ఆ పిడికిలిపోటులోనే ఉన్నది.

నేను తెనాలిలో పుట్టి, గుంటూరులో నర్సు చదువు చదివి, 2008లో మెల్‌బోర్న్ చేరినదానను. మావారికి ఉద్యోగం దొరికిన చోటు నగరానికి పడమటి దిక్కు. నాకు వృద్ధుల సంరక్షణ గృహంలో పని దొరికింది. అక్కడి వృద్ధులలో సగంమంది ఎరుపు, తెలుపు, నీలం చారల ఉన్ని కండువాలు మెడకు చుట్టుకొని కూర్చునేవారు. అవి వెస్టర్న్ బుల్‌డాగ్స్ అనే జట్టు రంగులు. పడమటి పేటలవారికి ఆ జట్టు ఇంటిపేరు వంటిది.

ఆ జట్టు అసలు పేరు ఫుట్‌స్క్రే. ఓడరేవుకు, కర్మాగారాలకు, కబేళాలకు చేరువగా ఉన్న శ్రామికవాడ అది. ఇటలీ, గ్రీసు, వియత్నాం దేశాలనుంచి వలస వచ్చినవారు అక్కడ స్థిరపడ్డారు; తరువాత ఆఫ్రికావారు, మనవారు వచ్చారు. 1925లో ఈ జట్టుకు నగరపు పెద్ద లీగులో ప్రవేశం లభించింది. 1954లో చార్లీ సటన్ నాయకత్వాన మెల్‌బోర్న్ జట్టును 51 పాయింట్ల తేడాతో ఓడించి మొదటిసారి కప్పు గెలిచింది. రెండవ కప్పు కోసం 62 ఏళ్ళు వేచి ఉండవలసి వచ్చింది. మధ్యలో, 1989లో, అప్పుల పాలైన ఈ జట్టును ఫిట్జ్‌రాయ్ అనే మరో జట్టులో కలిపివేయాలని లీగు పెద్దలు నిశ్చయించారు. పేటలవారు ఊరుకోలేదు. ఐరీన్ చాట్‌ఫీల్డ్ అనే అభిమాని న్యాయస్థానానికి వెళ్ళి గడువు తెచ్చింది. మిగిలినవారు డబ్బాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి చందాలు వసూలు చేశారు. కొద్ది వారాలలో అప్పు తీర్చే దారి దొరికింది, జట్టు నిలిచింది. చందాలు వేసుకొని బ్రతికించుకొన్న జట్టును మనిషి వదులుకోలేడు గదా!

నాకు ఈ ఆటలో అక్షరాభ్యాసం చేయించినవాడు మా గృహంలోని ఒక వృద్ధుడు. 1954 నాటి విజయాన్ని పద్నాలుగేళ్ళ వయస్సులో కన్నులారా చూచినవాడు. మాత్రలు ఇవ్వటానికి వెళ్ళినప్పుడల్లా ఒక పాఠం చెప్పేవాడు. ఆయన ఎక్కువగా చెప్పినది గెలుపులను గూర్చి కాదు, వెళ్ళిపోయినవారిని గూర్చి. బారీ రౌండ్ 1970ల మధ్యలో సౌత్ మెల్‌బోర్న్‌కు వెళ్ళాడు. బెర్నీ క్విన్లన్ ఫిట్జ్‌రాయ్‌కి వెళ్ళాడు. 1975లో బ్రౌన్లో పతకం, అంటే లీగులో ఉత్తమ ఆటగాడికిచ్చే గౌరవం, గెలిచిన గ్యారీ డెంప్సీ నార్త్ మెల్‌బోర్న్‌కు వెళ్ళాడు. 1980లో అదే పతకం అందుకొన్న కెల్విన్ టెంపుల్టన్ మెల్‌బోర్న్‌కు వెళ్ళాడు. 1981లో బ్రౌన్లో పతకాన్ని ఇద్దరు సమంగా పంచుకొన్నారు. ఆ ఇద్దరూ ఎవరంటే, క్విన్లన్, రౌండ్! ఇద్దరూ ఫుట్‌స్క్రే పెంచిన బిడ్డలే. ఇద్దరూ పరాయి చొక్కాలు తొడుక్కొని ఆ పతకం అందుకొన్నవారే.

ఈ జాబితా ఆయన చెప్పే తీరు విన్నప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తుకు వచ్చేది. ఏ ఆడపిల్లను ఏ ఊరికిచ్చారో, ఏ ఏడాది ఇచ్చారో, అక్కడ ఆ పిల్ల ఎట్లా నెగ్గుకొచ్చిందో ఆమె ఇట్లాగే వరుసగా చెప్పేది. ఆ వరుసలో బాధ ఉండేది. శాపనార్థాలు ఉండేవి కావు.

ఆటగాళ్ళు ఒక జట్టునుంచి మరొక జట్టుకు ఎట్లా వెళతారో కొంచెం వివరించాలి. మన ఐ.పి.ఎల్.లో వేలంపాట ఉన్నది. డబ్బు ఎక్కువ పెట్టినవానికి ఆటగాడు దక్కుతాడు. అక్కడ అట్లా కాదు. ప్రతి ఏడాది చివర, పద్దెనిమిదేళ్ళు నిండుతున్న కుర్రవాళ్ళను జట్లు వరుసగా ఎంచుకొంటాయి. దీనిని 'డ్రాఫ్ట్' అంటారు. ఆ ఏడు అట్టడుగున ఉన్న జట్టుకు మొదటి ఎంపిక, కప్పు గెలిచినదానికి చివరి ఎంపిక. తండ్రి ఒక జట్టుకు చాలినన్ని ఆటలు ఆడి ఉంటే కుమారుని తీసికొనే విషయంలో ఆ జట్టుకు ప్రత్యేక హక్కు ఉన్నది. మా జట్టులోని టామ్ లిబరటోరే, శామ్ డార్సీ అట్లా వచ్చినవారే. ప్రతి జట్టూ ఆటగాళ్ళకిచ్చే మొత్తం జీతాలకు లీగు ఒక పరిమితి విధించింది. అందువల్ల ధనిక జట్టు అందరినీ కొనివేయలేదు. ఇక అక్టోబరులో, ఆటల కాలం ముగియగానే, జట్లు ఆటగాళ్ళను మార్చుకొనే రోజులు వస్తాయి. ఆటగాని సమ్మతి లేనిదే అతనిని పంపటానికి వీలులేదు. 2012నుంచి, చాలా ఏళ్ళు ఒకేచోట ఆడినవారికి తమంతట తాము వెళ్ళే స్వేచ్ఛ కూడ లభించింది.

కాగితంమీద ఇది ఎంతో న్యాయమైన ఏర్పాటు. కాని పద్దెనిమిదేళ్ళ కుర్రవానికి, ఒక సాయంకాలం టెలివిజన్‌లో తన పేరు చదివినప్పుడే తాను బ్రతకబోయే ఊరేదో తెలుస్తుంది. పెర్త్‌లో పుట్టినవాడు రెండున్నరవేల కిలోమీటర్లకు పైగా దాటి మెల్‌బోర్న్ రావలసి ఉండవచ్చు; మెల్‌బోర్న్ పిల్లవాడు సిడ్నీ పోవలసి ఉండవచ్చు. అట్లాంటివాడు మూడు నాలుగేళ్ళ తరువాత ఇల్లు గుర్తుకు వచ్చి తిరిగిపోతానంటే, అభిమానులు ద్రోహి అంటారు. సముద్రాలు దాటి వచ్చిన నాకు ఆ మాట నోట రాదు.

మా జట్టు చరిత్రలో అత్యంత చేదు అక్టోబరు 2014లో వచ్చింది. జట్టు నాయకుడు రయన్ గ్రిఫెన్ తాను గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ జట్టుకు పోతానన్నాడు. వెంటనే శిక్షకుడు రాజీనామా చేశాడు. 2008లో బ్రౌన్లో పతకం గెలిచిన ఆడమ్ కూనీ ఎసెండన్‌కు వెళ్ళాడు. షాన్ హిగ్గిన్స్ నార్త్ మెల్‌బోర్న్‌కు, లయమ్ జోన్స్ కార్ల్‌టన్‌కు వెళ్ళారు. ఇల్లు కూలుతున్నప్పుడు ఇటుకలు ఒకటొకటే రాలినట్లుగా ఉండినది మా పరిస్థితి.

ఆ సమయంలో మా జట్టు పెద్దలు ఒక సాహసం చేశారు. గ్రిఫెన్‌ను, ఒక మంచి డ్రాఫ్ట్ ఎంపికను సిడ్నీవారికిచ్చి, టామ్ బాయిడ్ అనే పంతొమ్మిదేళ్ళ పొడగరిని తెచ్చారు. 2013 డ్రాఫ్ట్‌లో అందరికంటె ముందు ఎంపికైనవాడు అతడు. అప్పటికి పెద్ద లీగులో ఆడినవి తొమ్మిది ఆటలే. అతనికిచ్చే వేతనం ఏడేళ్ళకు సుమారు 70 లక్షల డాలర్లని పత్రికలు వ్రాశాయి. తొమ్మిది ఆటల అనుభవానికి అంత వెలా అని నగరమంతా నవ్వింది. మా వృద్ధుడు మాత్రం నవ్వలేదు. "పాపం, ఇక ఆ కుర్రవాడు తన్నిన ప్రతి బంతికీ లెక్క అడుగుతారు" అన్నాడు.

కొత్త శిక్షకుడు లూక్ బెవరిడ్జ్ వచ్చాడు. ఆయన తెచ్చిన ఆటతీరును గూర్చి ఇప్పుడు చెప్పాలి. ఈ ఆటలో చాలా జట్లు బంతి చిక్కగానే దూరంగా తన్ని, పొడగరి చేత పట్టించాలని చూస్తాయి. బెవరిడ్జ్ కుర్రవాళ్ళు గుంపులోనే పిడికిలితో గుద్దుతూ, ఒకని చేతిలోనుంచి మరొకని చేతికి, అక్కడనుంచి మూడవవానికి, ఎదుటివారు పట్టుకొనే లోపల బంతిని బయటకు దాటించేవారు. పొట్టివాళ్ళకు, చురుకైనవాళ్ళకు ఈ పద్ధతిలో గౌరవం దక్కింది. 168 సెంటీమీటర్ల కేలెబ్ డేనియల్, తలకు రక్షణ టోపీ పెట్టుకొని, ఆరున్నర అడుగుల వీరుల మధ్య తిరుగుతూ ఉంటే చూడముచ్చటగా ఉండేది.

ఇక్కడే నా అభిప్రాయాలన్నిటికీ మూలమున్నది. దూరంగా తన్నే ఆటకు బలం చాలు. ఈ గొలుసు ఆటకు నమ్మకం కావాలి. బంతి రాకముందే అందుకొనేవాడు పరుగు మొదలుపెట్టాలి. ఇచ్చేవాడు తల త్రిప్పి చూడకుండానే గుద్దాలి. అక్కడ తనవాడు ఉంటాడన్న విశ్వాసం తప్ప ఆ క్షణాన వేరే ఆధారం లేదు. కచేరీలో గాయకుడు ఎక్కడ విరుస్తాడో మృదంగం వాయించేవానికి ముందే తెలిసినట్లుగా, ఏళ్ళ తరబడి కలిసి ఆడితేగాని ఆ తెలివి రాదు. కనుక ఇట్లా ఆడే జట్టునుంచి ఒకడు వెళ్ళిపోతే, పోయేది ఒక ఆటగాడు మాత్రమే కాదు. అతని ఇరుప్రక్కల ఉన్నవారి నమ్మకం కూడ కొంత పోతుంది.

2016లో ఆ నమ్మకం పండింది. జట్టు నాయకుడు బాబ్ మర్ఫీ మూడవ వారంలోనే మోకాలు దెబ్బతిని ఆటకు దూరమయ్యాడు. ఒకరి తరువాత ఒకరు గాయపడ్డారు. పట్టికలో ఏడవ స్థానం దక్కింది. ఏడవ స్థానంనుంచి అంతకు ముందెవరూ కప్పు గెలవలేదు. కాని మావాళ్ళు పెర్త్ వెళ్ళి వెస్ట్ కోస్ట్‌ను 47 పాయింట్లతో, వరుసగా మూడేళ్ళు కప్పు గెలిచిన హాథార్న్‌ను 23 పాయింట్లతో ఓడించారు. తరువాత ఎదురైనది గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ. మమ్మల్ని వదలిన గ్రిఫెన్, 2011 చివర వదలిన కాలన్ వార్డ్, ఇద్దరూ ఆ జట్టులో ఉన్నారు. ఆరే ఆరు పాయింట్లతో గెలిచాము.

అక్టోబరు 1న తుదిపోరు. నాకు ఆ రోజు డ్యూటీ. మా గృహపు హాలులో వృద్ధులందరూ చక్రాల కుర్చీలతో టెలివిజన్ ముందు చేరారు. మైదానంలో 99,981 మంది. ఆట ముగియవస్తున్న వేళ, డేల్ మారిస్ ప్రత్యర్థి మేటి ఆటగాడు లాన్స్ ఫ్రాంక్లిన్‌ను వాటేసి పడగొట్టాడు. బంతి జారింది. టామ్ బాయిడ్ అందుకొని, చాలా దూరంనుంచి తన్నాడు. ఎవరూ లేని గోలు వైపుగా బంతి నేలమీద పడి, ఎగిరి, దొర్లి, స్తంభాల మధ్యనుంచి పోయింది. ఆ దినం అతనికది మూడవ గోలు. సిడ్నీ స్వాన్స్ మీద 22 పాయింట్లతో గెలిచాము. శిక్షకుడు తన పతకాన్ని మెడలోనుంచి తీసి, ఆడలేకపోయిన మర్ఫీకి తగిలించాడు. మా వృద్ధుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నన్ను పిలిచి, "1954లో మా నాన్న ప్రక్కన ఉన్నాను" అన్నాడు. అంతే. ఆయన 2018లో కన్నుమూశాడు.

ఆ విజయంలో కొత్తవారిని ఎంచుకొనే విద్యకు ఒక పాఠమున్నది. నగరం లెక్కలు వేసినది ఖరీదైన బాయిడ్‌ను గూర్చి. కాని ఆనాటి జట్టులో డేల్ మారిస్, మాథ్యూ బాయిడ్, లయమ్ పికెన్, లూక్ డాల్‌హౌస్, జేసన్ జోహానిసెన్ – ఈ ఐదుగురూ అసలు డ్రాఫ్ట్‌లో ఎవరికీ పట్టక, 'రూకీ' అనే చివరి పంక్తిలో తీసుకోబడినవారు. దక్షిణాఫ్రికాలో పుట్టిన జోహానిసెన్ ఆ తుదిపోరులో ఉత్తమ ఆటగాడిగా పతకం గెలిచాడు. ఫ్రాంక్లిన్‌ను కాపుకాసిన జోయెల్ హామ్లింగ్ జిలాంగ్ జట్టు వదిలివేసినవాడు. మంచి జట్టు అంటే ఖరీదైనవారి కూర్పు కాదు. ఇతరులు వద్దన్నవానిలో ఏమున్నదో చూడగల కన్ను.

ఖరీదైనవాని సంగతి కూడ చెప్పాలి. టామ్ బాయిడ్ 2017లో మానసిక వ్యాధి కారణంగా కొంతకాలం ఆటకు దూరంగా ఉన్నాడు. 2019 మే నెలలో, ఇరవైమూడేళ్ళ వయస్సులో, ఒప్పందంలో మిగిలిన కాలాన్ని వదులుకొని, ఆటనే విడిచిపెట్టాడు. తరువాత తన మనోవ్యథను గూర్చి బహిరంగంగా మాట్లాడి, ఒక పుస్తకం కూడ వ్రాశాడు. ఆ బేరం లాభమా నష్టమా అని అభిమానులు నేటికీ వాదించుకొంటారు. కప్పు వచ్చింది గనుక లాభమే అనేవారితో నాకు పేచీ లేదు. కాని నర్సుగా నాకొకటి తెలుసు. పంతొమ్మిదేళ్ళవాని మెడలో ధరచీటీ కట్టి ఊరేగిస్తే, ఆ బరువును మోసేది అతని మెడయే గాని మన జేబు కాదు.

2021లో మళ్ళీ తుదిపోరు చేరాము. కరోనా కారణంగా అది పెర్త్‌లో జరిగింది. మూడవ భాగంలో మావాళ్ళు 19 పాయింట్ల ముందంజలో ఉండగా, మెల్‌బోర్న్ జట్టు నడిమైదానాన్ని హస్తగతం చేసికొన్నది. అక్కడనుంచి వారు 100 పాయింట్లు చేస్తే మావాళ్ళు చేసినవి ఏడు. 140కి 66తో ఓడిపోయాము. గొలుసు ఎక్కడ తెగుతుందో ఆ రోజు అందరికీ కనిపించింది. మైదానం మధ్య ఎగిరి బంతిని తట్టే పొడగరుల బలం, గోలు ముందు కాపుకాసే పొడగరుల బలం మాకు చాలవు. మేలైన ఎంపికలనేమో ముందువరుస పొడగరులమీద ఖర్చుపెడుతూ వచ్చాము. 2017లో రక్షకుడుగా వచ్చిన ఆరన్ నాటన్‌ను సైతం ముందుకే పంపాము. చివరకు 2024లో, ముందు ఆడే రోరీ లాబ్‌ను వెనుక నిలబెట్టి చూస్తే అతడు అక్కడ రాణించాడు. 2014లో వెళ్ళిపోయిన లయమ్ జోన్స్ కార్ల్‌టన్‌లో రక్షకుని విద్య నేర్చుకొని 2022 చివర తిరిగి మా గూటికే వచ్చాడు. పుట్టింటి తలుపు మూసివేయరాదని చెప్పటానికి ఇంతకంటె దృష్టాంతం అక్కరలేదు.

నాకు ఎక్కువ కష్టం కలిగించినవి మేటి తారల నిష్క్రమణలు కావు. గొలుసులో నడిమి కడియాలవంటివారి నిష్క్రమణలు. జోష్ డంక్లీ 2020లోనే పోతానన్నాడు. జట్టు అంగీకరించలేదు. అలుగకుండా రెండేళ్ళు మనసుపెట్టి ఆడి, 2022 చివర బ్రిస్బేన్ వెళ్ళాడు. 2024లో, 2025లో అక్కడ కప్పులు గెలిచాడు. 2024 అక్టోబరులో ఒకేసారి ముగ్గురు పోయారు. 2016 విజేతలైన జాక్ మక్రే, కేలెబ్ డేనియల్ ఇద్దరూ పై జట్టులో చోటు నిలుపుకోలేక, ఒకడు సెయింట్ కిల్డాకు, మరొకడు నార్త్ మెల్‌బోర్న్‌కు వెళ్ళారు. మూడవవాడు బేలీ స్మిత్ జిలాంగ్‌కు వెళ్ళాడు. మరుసటి ఏడు మా జట్టు 14 ఆటలు గెలిచికూడ తొమ్మిదవ స్థానంలో ఆగిపోయింది. అప్పట్లో పై ఎనిమిది జట్లకే తదుపరి పోటీ ఉండేది. జిలాంగ్ మాత్రం స్మిత్‌తో సహా తుదిపోరు చేరింది. కార్ల్‌టన్‌నుంచి వచ్చిన మాట్ కెనెడీ మాకు బాగా ఉపయోగపడిన మాట నిజమే. అయినా, ఏళ్ళ తరబడి నమ్మకం నేర్చిన చేతులను అంత త్వరగా సాగనంపకుండా ఉండవలసినదని నా అభిప్రాయం. ముప్ఫయ్యో ఏటికి చేరువైనవాడు పరుగులో ఒక అడుగు వెనుకబడవచ్చు. ఎక్కడ నిలబడాలో అతనికి తెలిసినంతగా కొత్తవానికి తెలియదు.

స్మిత్ విషయంలో మా ఇంట్లోనే వివాదం వచ్చింది. మా అమ్మాయి అక్కడే పుట్టింది, అప్పటికి పద్నాలుగేళ్ళది. స్మిత్ చిత్రం దాని గదిలో గోడమీద ఉండేది. వెళ్ళిపోయినవాడు ఎదురుజట్టులో తిరిగి వచ్చినప్పుడు బంతి ముట్టుకొన్నప్పుడల్లా హేళనగా అరవటం అక్కడ ఆనవాయితీ. తానుకూడ అరుస్తానన్నది.

"తప్పమ్మా, అతని బ్రతుకు అతనిది" అన్నాను.

"మోకాలు దెబ్బతిని 2024 అంతా ఆడలేదమ్మా. ఆ ఏడాదంతా వైద్యం చేయించినది మనవాళ్ళు. బాగుపడగానే వెళ్ళిపోయాడు. మరి అది తప్పు కాదా?" అన్నది.

నేను నర్సును. ఒక రోగి బాగుపడి వెళ్ళిపోయాడని ఏనాడూ నొచ్చుకొనలేదు. అదే చెప్పాను. "నువ్వు వాళ్ళకు అభిమానివి కాదు గదమ్మా" అని వెంటనే సమాధానం వచ్చింది. ఆ మాటను నేను కొట్టివేయలేకపోయాను. జీతం తీసికొని సేవ చేసేదాని ఓర్పు వేరు, ఏమీ ఆశించక ప్రేమించేవాని గాయం వేరు. అభిమాని ప్రతి ఏడు చందా కట్టి, చలిలో తడిసి, గొంతు బొంగురుపోయేలా అరిచి, తిరిగి పొందేది ఏమీ లేదు. అతనికి నొప్పి కలుగరాదనటం అన్యాయం.

కాని ఆ నొప్పిని ఏ మాటలో చెప్పుకోవాలన్నది మన చేతిలో ఉన్నది. నేను సెలవులకు తెనాలి వెళ్ళినప్పుడు, మా వీధిలోని పెద్దమ్మ కొత్తవారికి నన్ను చూపుతూ, "మా పిల్లే, ఆస్ట్రేలియాలో ఉంటుంది" అంటుంది. మమ్మల్ని వదిలి పోయిందని అనదు. ఆమెకు నా అవసరం లేకపోలేదు. ఆమె మంచాన పడ్డప్పుడు నర్సు చదివిన నేను దగ్గర లేను. ఐనా 'మా పిల్లే' అనే అంటుంది. మా వృద్ధుడు 1981నాటి పతకాన్ని గూర్చి చెప్పినప్పుడు కూడ, "ఆ ఏడు ఇద్దరు గెలిచారు, ఇద్దరూ మావాళ్ళే" అనేవాడు. చొక్కా ఏదని నేనెప్పుడూ అడగలేదు.

జట్టు పెద్దలను నేను కోరేది ఇంతే: తారలకు ధరకట్టేటప్పుడు కుర్రవాని మెడవైపు ఒకసారి చూడండి, ఇతరులు వద్దన్నవారిని వెదకే ఓపికను పోగొట్టుకోకండి, నడిమి కడియాలను నిలుపుకోండి. తోటి అభిమానులను కోరేది ఇంకా చిన్నది. పోయినవానిని ఆ ఒక్క మధ్యాహ్నం ప్రత్యర్థిగానే చూడండి, అతడు ఓడాలనే కోరుకోండి. ఆటకు అదే ధర్మం. చివరి సైరను మ్రోగిన తరువాత మాత్రం, వాడు ఎవరింటి పిల్లవాడో మరచిపోకండి. మా అమ్మాయి ఇంకా ఒప్పుకోలేదు. గోడమీది చిత్రాన్ని తీసివేసింది గాని చింపలేదు. మడిచి, పుస్తకాల అలమరలో పెట్టింది.